పాఠం 9: కిందికి వాలే చెట్టు – బోన్సాయ్‌లో జలపాత రీతి

9.0 పరిచయం

గత పాఠంలో నిటారు రీతి, ఏటవాలు రీతి బోన్సాయ్‌లను గురించి తెలుసుకున్నారు. ఆ రెండింటిలోనూ చెట్టు తన స్వభావం ప్రకారమే పైకి పెరుగుతుంది, మనం దానికి కొంత సాయం చేస్తాం. ఈ పాఠంలో చెప్పబోయే రీతి అలాంటిది కాదు. ఇందులో చెట్టు కుండీ అంచు దాటి, జలపాతంలా కిందికి దిగాలి. పైకి పోవాలని చూసే ప్రాణిని కిందికి నడిపించాలి కాబట్టి, చెట్టు ఎలా పెరుగుతుందో తెలియకుండా ఈ పని చేయలేం. తీగ చుట్టి వంచితే చాలుననుకున్నవారి కుండీల్లో రెండో ఏటికల్లా వాలిన కొమ్మ ఎండిపోయి, మొదలు దగ్గర కొత్త చిగుళ్ళు నిటారుగా లేచి కనబడతాయి.

ఈ పాఠానికి సూరత్ నగరంలోని సలాబత్‌పురా వాడను ఉదాహరణగా తీసుకున్నాం. తెలంగాణ నుంచి మగ్గాల పనికి వెళ్ళిన పద్మశాలి కుటుంబాలు, ఇతర తెలుగువారు సూరత్‌లో చాలాకాలంగా స్థిరపడి ఉన్నారు. ఇరుకు సందులు, అంతస్తుల మీద అంతస్తులు, నాలుగడుగుల గ్యాలరీ, అందరికీ ఉమ్మడిగా ఉండే డాబా – ఇలాంటి ఇంట్లో పెరడు ఉండదు. కుండీ పెట్టుకునే చోటు మాత్రం దొరుకుతుంది. మీరు వేరే ఊళ్ళో ఉంటే, మీ ఊరి ఎండకు, వానకు తగినట్లు నెలలను కొద్దిగా మార్చుకోండి.

ఈ పాఠం చదివిన తరువాత మీరు:
– పూర్తి జలపాత రీతికి, అర్ధ జలపాత రీతికి భేదం చెప్పగలరు;
– వాలిన కొమ్మ ఎందుకు బలహీనపడుతుందో వివరించగలరు;
– తగిన మొక్కను, కుండీని ఎంచుకొని, కొమ్మను వంచి, దానిని బతికించుకోగలరు.

9.1 జలపాత రీతి అంటే ఏమిటి?

చెట్లను కుండీలో చిన్నవిగా పెంచే కళ చైనాలో పుట్టి జపాన్‌లో బోన్సాయ్‌గా రూపుదిద్దుకున్నదని మొదటి పాఠంలో చదివారు. జలపాత రీతిని జపాన్ వారు ‘కెంగాయ్’ అంటారు. ఆ మాటకు వేలాడే కొండచరియ అని అర్థం. కొండచరియ పగులులో పడిన విత్తనం మొలిచి, మంచు బరువుకు, జారిపడే రాళ్ళకు, గాలికి వంగి, లోయలోకి వాలి పెరుగుతుంది. కుండీలో మనం చూపించవలసింది ఆ చెట్టునే.

చెట్టు కొస కుండీ అడుగు కంటే కిందికి దిగితే అది పూర్తి జలపాత రీతి. కొస కుండీ అంచు దాటి వాలినా, అడుగు కంటే కిందికి పోకపోతే అది అర్ధ జలపాత రీతి. దీనిని ‘హన్-కెంగాయ్’ అంటారు. మొదటిసారి చేసేవారికి అర్ధ జలపాతమే మేలు. కారణం కింది భాగంలో మీకే తెలుస్తుంది.

సలాబత్‌పురాలో కొండచరియ ఎక్కడుంది అని మీరు అడగవచ్చు. పాత ఇళ్ళ గోడలు చూడండి. కాకులు, గోరింకలు మర్రి, రావి పండ్లు తిని గోడ మీద వాలతాయి. రెట్టతో పడిన విత్తనం సున్నం ఊడిన పగులులో మొలుస్తుంది. మొక్క ముందు గోడ నుంచి అడ్డంగా బయటకు వస్తుంది, తరువాత వెలుగు కోసం పైకి తిరుగుతుంది. ఏళ్ళు గడిచి, కొమ్మ బరువెక్కి వాలినా దాని కొస మాత్రం వెలుగు వైపే లేచి ఉంటుంది. ఆ ఒంపును ఒక కాగితం మీద గీసుకోండి. పుస్తకంలోని బొమ్మల కన్నా మీ సందులోని గోడ మంచి పాఠం చెబుతుంది. అసలైన పెద్ద బోన్సాయ్ తోటను చూడాలనుకునేవారు మైసూరు వెళ్ళినప్పుడు అవధూత దత్త పీఠం ఆవరణలోని కిష్కింధ మూలికా బోన్సాయ్ తోటను చూడవచ్చు.

పాఠ్యాంశ ప్రశ్నలు 9.1
1. ఒక కుండీ ఎత్తు 25 సెం.మీ. దాని అంచు నుంచి కొమ్మ కొస 18 సెం.మీ. కిందికి వాలింది. ఇది ఏ రీతి?
2. గోడలో మొలిచిన రావి మొక్క ముందు అడ్డంగా వచ్చి తరువాత పైకి తిరగడానికి కారణమేమిటి?

9.2 వాలిన కొమ్మ ఎందుకు ఎండిపోతుంది?

ఈ పాఠంలో అన్నింటికన్నా ముఖ్యమైన భాగం ఇదే. దీనిని రెండుసార్లు చదవండి.

చెట్టు కొనమొగ్గలో ఆక్సిన్ అనే పదార్థం తయారై కిందికి ప్రవహిస్తుంది. అది దిగువనున్న పక్కమొగ్గలను నిద్రపుచ్చి ఉంచుతుంది. అందుకే కొన వేగంగా పెరుగుతుంది, పక్కమొగ్గలు ఆగి ఉంటాయి. దీనిని అగ్రాధిక్యత అంటారని జీవశాస్త్రంలో చదివే ఉంటారు. నిటారుగా ఉన్న మొక్కలో అన్నిటికన్నా పైన ఉన్నది కొనమొగ్గే కాబట్టి ఇబ్బంది లేదు.

ఇప్పుడు ఆ కొమ్మను కిందికి వంచామనుకోండి. కొనమొగ్గ అన్నిటికన్నా కిందికి వెళ్ళిపోయింది. ఒంపు మీద, అంటే ఎత్తైన చోట ఉన్న పక్కమొగ్గలు నిద్ర లేస్తాయి. వాటి నుంచి చిగుళ్ళు నిటారుగా, కర్రల్లా లేస్తాయి. వాటికి వెలుగు ఎక్కువ, ఆకులు ఎక్కువ. నీటిని వేళ్ళ నుంచి పైకి లాగేది ముఖ్యంగా ఆకుల నుంచి జరిగే బాష్పోత్సేకమే గనుక, ఎండలో ఎక్కువ ఆకులున్న వైపుకే ఎక్కువ నీరు పోతుంది. వాలిన కొమ్మ కుండీ నీడలోనో, గోడ నీడలోనో ఉండిపోతుంది. ఆకులు తగ్గుతాయి, ఆకులు తగ్గితే నీరు తగ్గుతుంది, నీరు తగ్గితే ఆకులు ఇంకా తగ్గుతాయి. చివరకు కొమ్మ ఎండిపోతుంది. నీరు కిందికే కదా పారుతుంది, వాలిన కొమ్మకు నీటికేం కొరత అనుకోవడం చాలామంది చేసే పొరపాటు. కొమ్మలోని నీరు కాలువలోని నీటిలా పల్లానికి పారేది కాదు, ఆకు లాగితే వచ్చేది.

కాబట్టి జలపాత రీతిలో మన పని ఏమిటి? పైభాగాన్ని అదుపులో పెట్టడం, కింది కొసకు బలం చేకూర్చడం. ఒంపు మీద లేచే నిటారు చిగుళ్ళను రెండు మూడు ఆకులు విప్పుకోగానే గిల్లివేయాలి. చెట్టు మీద చిన్న తల, అంటే శిఖరం ఉంచదలచుకుంటే దాన్ని పలుచగా ఉంచాలి. పెద్ద ఆకులను సగం కోయాలి. అదే సమయంలో వాలిన కొసను మాత్రం అస్సలు ముట్టుకోకూడదు. కావలసిన పొడవు వచ్చేదాకా దాన్ని ఇష్టం వచ్చినట్లు పెరగనివ్వాలి. ఒక చెట్టు మీదే ఒకచోట కత్తెర, మరొకచోట సెలవు అన్నమాట. కొత్తవారు చెట్టంతా ఒకేలా కత్తిరించి చక్కగా కనబడుతోందని సంతోషిస్తారు. ఆ చక్కదనం ఒక్క ఏడాదే.

కొస మరీ నీరసించిందని గమనిస్తే రెండు ఉపాయాలున్నాయి. మొదటిది, కొస చివరి పది సెంటీమీటర్లను తీగతో పైకి తిప్పి ఒక కాలం అలాగే పెరగనివ్వడం. బలం పుంజుకున్నాక మళ్ళీ కిందికి దించవచ్చు. రెండవది, కుండీనే పక్కకు ఒరిగించి పడుకోబెట్టడం. మట్టి జారకుండా పైన గుడ్డ కట్టి, కొమ్మ అడ్డంగానో కాస్త పైకో ఉండేలా ఒరిగించి కొన్ని నెలలు ఉంచితే కొమ్మ తిరిగి ఆకులు వేస్తుంది. చూడడానికి ఏమంత బాగుండదు. ఇంటికి వచ్చినవారు కుండీ పడిపోయిందనుకొని నిలబెట్టబోతారు, వారికి ముందే చెప్పి ఉంచండి.

వెలుగు సంగతి కూడా ఇక్కడే చెప్పుకోవాలి. సలాబత్‌పురా వంటి చోట గ్యాలరీకి వెలుగు ఒక్క వైపు నుంచే, వీధి వైపు నుంచే వస్తుంది. నిటారు చెట్టుకు ఇది లోపం. కుండీని తిప్పుతూ ఉండాలి. జలపాత రీతికి మాత్రం ఇదే అనుకూలం. వాలిన కొమ్మను వెలుగు వైపు, మొదలును ఇంటి వైపు పెట్టండి. చెట్టుకు వెలుగు కావాలి, వెలుగు కొస దగ్గర ఉంది. గోడ మీది రావి మొక్క చేసినదే మీ మొక్కా చేస్తుంది.

పాఠ్యాంశ ప్రశ్నలు 9.2
1. కొమ్మను వంచిన తరువాత ఒంపు మీద చిగుళ్ళు ఎందుకు లేస్తాయి?
2. కొసను, శిఖరాన్ని ఒకేలా కత్తిరిస్తే ఏమవుతుంది?

9.3 మొక్క, కుండీ, మట్టి

చలి ప్రాంతాల పుస్తకాలలో ఈ రీతికి జునిపర్‌ను, పైన్‌ను చెబుతారు. సూరత్ ఉక్కపోతలో వాటిని నిలబెట్టడం కష్టం. మొదటి మొక్కగా అవి వద్దు. నర్సరీలో దొరికే చిన్న ఆకుల ఫైకస్ మనకు అన్నివిధాలా తగినది. కత్తిరిస్తే తిరిగి చిగురిస్తుంది, వేడిని ఓర్చుకుంటుంది. ఒక్క జాగ్రత్త: ఏ కొమ్మ మీదా ఆకులన్నీ తీసివేయకండి. ఆకు ఒక్కటీ మిగలని ఫైకస్ కొమ్మ చాలాసార్లు తిరిగి చిగురించకుండానే ఎండిపోతుంది. కాగితపు పూల మొక్క, అంటే బోగన్‌విల్లియా, సహజంగానే పొడవైన రెమ్మలను వాల్చుతుంది. అయితే దాని కొమ్మ త్వరగా ముదిరి పెళుసవుతుంది. లేతగా ఉన్నప్పుడే వంచాలి. గోడ మీది రావి, మర్రి మొక్కలకు ఆకు పెద్దది. చెట్టు కనీసం రెండడుగులైనా ఉంటేనే ఆకు దానికి నప్పుతుంది.

గోడ మొక్కను తీసి పెంచాలనుకుంటే ఇంటి యజమానిని అడగండి. తొలకరి పడ్డాక, గోడ తడిసి ఉన్నప్పుడు, నేల మీద నిలబడి చేతికి అందే మొక్కనే తీయండి. పిట్టగోడ మీదికి వంగి, నిచ్చెన చివర నిలబడి తీయవలసిన మొక్క మీకు అక్కరలేదు. రావి చెట్టును పీకడానికి మనసొప్పనివారు ఇలా కుండీలో పెట్టుకుంటే గోడా నిలుస్తుంది, చెట్టూ బతుకుతుంది.

నర్సరీలో మొక్కను ఎంచుకునేటప్పుడు అందమైన నిటారు మొక్క కోసం చూడకండి. కింది భాగంలో, మొదలుకు దగ్గరగా, పెన్సిలంత లావు పొడవైన పక్కకొమ్మ ఉన్నదాన్ని వెతకండి. ఆ పక్కకొమ్మే మీ జలపాతం అవుతుంది. ప్రధాన కాండాన్ని దాని పైన క్రమంగా కత్తిరించివేస్తారు. ప్రధాన కాండం పోతే పక్కకొమ్మకు బలం పెరుగుతుందని 9.2 చదివిన మీకు వేరే చెప్పనక్కరలేదు. లావైన కాండాన్ని వంచబోయి విరగ్గొట్టుకోవడం కన్నా ఈ దారి సులువు.

ఈ రీతికి కుండీ లోతుగా ఉండాలి. ఖుర్జా పింగాణీ కుండీలు బాగుంటాయి కాని మామూలు మట్టి కుండీ సరిపోతుంది; అడుగున చిల్లు మాత్రం పెద్దదిగా ఉండాలి. లోతు కుండీ అందానికే అనుకోకండి. స్నానానికి వాడే స్పాంజిని నీటిలో ముంచి పళ్ళెంలో బల్లపరుపుగా పెట్టండి. నీరు కారడం ఆగాక దాన్ని నిలువుగా నిలబెట్టండి. మళ్ళీ నీరు కారుతుంది. కుండీ ఎంత ఎత్తైతే పైమట్టిలోని నీరు అంత బాగా దిగిపోతుంది, అడుగున మాత్రం కొంత నిలుస్తుంది. అందుకని లోతు కుండీలో పైభాగం త్వరగా ఆరుతుంది. వేలు రెండు కణుపుల దాకా దించి చూసి నీరు పోయండి.

సూరత్ చుట్టుపక్కల నేల నల్లరేగడి. తడిస్తే ఉబ్బి, ఎండితే బీటలు వారే ఆ మట్టి కుండీకి పనికిరాదు. పాత ఇటుకలను 3 నుంచి 6 మి.మీ. ముక్కలుగా కొట్టి, జల్లించి, దుమ్ము పారవేసి రెండు పాళ్ళు తీసుకోండి. ముతక ఇసుక ఒక పాలు, బాగా చివికిన పశువుల ఎరువు ఒక పాలు కలపండి. ఇల్లు కట్టేచోట ఇటుక ముక్కలు అడిగితే ఎవరూ కాదనరు.

9.4 తీగ చుట్టి వంచడం

ఫైకస్‌కు ఈ పని ఫిబ్రవరి చివర, కొత్త చిగురు మొదలయ్యేటప్పుడు చేయండి. కుండీ మార్చిన నెలలోనే కొమ్మ వంచకండి. వేళ్ళకు ఒక దెబ్బ, కొమ్మకు ఒక దెబ్బ ఒకేసారి తగిలితే చెట్టు తట్టుకోలేదు.

మెత్తని అల్యూమినియం తీగ వాడండి. దాని మందం కొమ్మ మందంలో మూడో వంతు ఉండాలి. ఇనుప కట్టుడు తీగ తుప్పు పడుతుంది, బెరడులోకి దిగుతుంది. వంచే ముందు రోజు నీరు పోయకుండా ఉంటే కొమ్మ కొంచెం మెత్తబడుతుంది. తరువాత, గట్టిగా వంగవలసిన చోట తడిపిన గుడ్డ పేలికలు ఒత్తుగా చుట్టండి. సూరత్‌లో పేలికలకు కరువు లేదు గాని, అక్కడ ఎక్కువగా దొరికేది పాలియెస్టర్. అది నీటిని పీల్చదు, జారిపోతుంది. పాత నూలు చీర అంచు చింపుకోండి. దీనివల్ల వంచేటప్పుడు బెరడు చిట్లకుండా ఉంటుంది.

తీగ ఒక కొసను మొదలు పక్కన మట్టిలోకి లోతుగా గుచ్చి, కాండం చుట్టూ తిప్పుతూ, సుమారు 45 డిగ్రీల ఏటవాలుగా కొమ్మ చివరి దాకా చుట్టండి. చుట్లు బెరడును తాకాలి కాని నొక్కకూడదు. రెండు బొటనవేళ్ళు ఒంపు లోపలి వైపు ఆనించి, మిగిలిన వేళ్ళతో కొమ్మను పట్టుకొని నెమ్మదిగా వంచండి. చిన్న చప్పుడు వినబడితే అక్కడే ఆగండి. కావలసిన ఒంపు ఒకే రోజు రానక్కరలేదు. పది పదిహేను రోజులకొకసారి కొంచెం కొంచెం దించవచ్చు. కాండం మట్టి నుంచి కాస్త పైకి లేచి, తరువాత వాలాలి. సూటిగా తాడులా వేలాడకూడదు. మెలికలు తిరుగుతూ దిగాలి, మెలిక బయటి వైపున ఒక్కొక్క రెమ్మ ఉండాలి. ఆ రెమ్మలను అడ్డంగా పరచండి. వెలుగు పడేది వాటి మీదే.

వంచిన తరువాత వారానికి ఒకసారి తీగను చూడండి. వానాకాలంలో ఫైకస్ ఎంత వేగంగా లావెక్కుతుందంటే, నాలుగైదు వారాలకే తీగ బెరడులోకి దిగవచ్చు. దిగుతున్నట్లు కనబడగానే కటింగ్ ప్లేయర్‌తో ముక్కలుగా కత్తిరించి తీయండి. తీగను పొదుపు చేద్దామని వెనక్కి తిప్పి విప్పబోతే కొమ్మే విరుగుతుంది. కొమ్మ మళ్ళీ పైకి లేస్తే తీగ దారి మార్చి రెండోసారి చుట్టండి. రూపం స్థిరపడడానికి మూడు నుంచి అయిదేళ్ళు పడుతుంది.

9.5 చోటు, నీరు, కాపలా

వాలే చెట్టు బరువంతా ఒకవైపే ఉంటుంది. కొమ్మ పెరిగేకొద్దీ కుండీ ఆ వైపుకే ఒరుగుతుంది. మూడో అంతస్తు నుంచి అయిదు కిలోల కుండీ సందులో నడిచేవారి మీద పడితే ఏమవుతుందో వివరించనక్కరలేదు. పిట్టగోడ మీద ఎప్పుడూ పెట్టకండి, కట్టి పెట్టినా సరే. గ్యాలరీ లోపలి వైపు, గోడకు ఆనించిన ఎత్తుపీట మీదనో, రెండు సిమెంటు దిమ్మల మీదనో పెట్టి, కుండీ మెడకు తీగ వేసి పీటకు బిగించండి. కొమ్మ కటకటాల లోపలే వాలాలి. అప్పుడు నీరు కూడా కింది ఇంటివారి బట్టల మీద కారదు. అర్ధ జలపాతం మేలని మొదట చెప్పడానికి ఇది ఒక కారణం, 9.2లో చెప్పినది రెండవది.

ఏప్రిల్, మే నెలల్లో పొద్దున, సాయంత్రం రెండుసార్లు నీరు కావాలి. నైట్ షిఫ్టుకు వెళ్ళేవారు ఇంటికి రాగానే, పడుకునే ముందు, పోసే అలవాటు చేసుకుంటే మంచిది. కొస మీద కూడా నీరు చిలకరించండి. వేడిగాలికి ముందు ఎండేది అదే. బోరు నీరు పోస్తే మట్టి మీద తెల్లని పొర కడుతుంది. అది ఉప్పు. వాన పడినప్పుడు కుండీని బయట పెట్టి బాగా కడగనివ్వండి. వానలు జూన్ మధ్య నుంచి సెప్టెంబరు దాకా గట్టిగా ఉంటాయి, అప్పుడు మీరు చూసుకోవలసింది చిల్లు మూసుకుపోకుండా ఉండడమే.

1923 నాటి భూకంపం తరువాత టోక్యోలోని బోన్సాయ్ పెంపకందారులు కొందరు మంచి నీరు, మంచి గాలి, చోటు వెతుక్కుంటూ వెళ్ళి, 1925లో ఒమియాలో ఏకంగా ఒక గ్రామాన్నే ఏర్పరచుకున్నారు. మనం అలా వెళ్ళలేం కనుక ఉన్నచోటే ఆకులు కడుక్కోవాలి. మగ్గాల షెడ్ల దగ్గర గాలిలో ఎగిరే పీచు, వీధి దుమ్ము ఆకుల మీద పేరుకొని వెలుగును ఆపుతాయి. వారానికొకసారి ఆకుల పైన, అడుగున కడగండి. పిండినల్లి కనబడితే పలుచని సబ్బునీటితో తుడవండి.

మరొక మాట. జనవరి 14, 15 తేదీల్లో ఉత్తరాయణ్ పండుగకు సూరత్ డాబాలన్నీ పతంగులతో నిండిపోతాయి. మాంజా దారం వాలిన కొమ్మకు చుట్టుకొని, ఎవరో లాగితే ఏడాది పాటు పెంచిన కొస ఒక్క క్షణంలో తెగిపోతుంది. 13వ తేదీ సాయంత్రమే కుండీని లోపలికి తెచ్చుకోండి.

9.6 చేసి చూడండి

మీ మొక్క కొమ్మను వంచిన రోజున, ఒంపు నుంచి కొస దాకా నూలుదారంతో కొలిచి పొడవు రాసుకోండి. కొస చివరి పది సెంటీమీటర్లలోని ఆకులను లెక్కపెట్టండి. ప్రతి నెలా ఒకే తేదీన ఈ రెండూ రాయండి. ఒంపు మీద గిల్లిన నిటారు చిగుళ్ళ సంఖ్య కూడా రాయండి. ఆరు నెలల తరువాత పట్టికను మీ అధ్యయన కేంద్రానికి తీసుకొని వెళ్ళి చూపండి.

9.7 పాఠాంత ప్రశ్నలు

1. వాలిన కొమ్మకు నీరు అందడంలో ఆకుల పాత్రను మీ మాటల్లో వివరించండి.
2. ఒక అభ్యాసకురాలి పట్టికలో మూడు నెలలుగా కొస పొడవు మారలేదు. కొస ఆకులు 14 నుంచి 9కి తగ్గాయి. గిల్లిన చిగుళ్ళు మాత్రం నెలనెలా పెరిగాయి. ఆమె ఏమి చేయాలి?
3. పిట్టగోడ మీద కట్టి పెట్టిన కుండీ కూడా ఎందుకు ప్రమాదకరం?

పాఠ్యాంశ ప్రశ్నలకు జవాబులు

9.1: 1. అర్ధ జలపాత రీతి. కొస కుండీ అడుగు దాటలేదు. 2. పగులు నుంచి బయటపడడానికి అడ్డంగా వస్తుంది, వెలుగు కోసం పైకి తిరుగుతుంది.

9.2: 1. కొనమొగ్గ కిందికి వెళ్ళడంతో ఒంపు మీది పక్కమొగ్గలు అన్నిటికన్నా ఎత్తున ఉండి నిద్ర లేస్తాయి. 2. శిఖరం త్వరగా కోలుకుంటుంది, కొస కోలుకోలేక క్రమంగా ఎండిపోతుంది.

పాఠాంత ప్రశ్న 2కు సూచన: బలం పైకి పోతున్నదని పట్టికే చెబుతోంది. శిఖరాన్ని పలుచన చేసి, కొసను తీగతో పైకి తిప్పి, కుండీ స్థానాన్ని మార్చి వాలిన కొమ్మను వెలుగు వైపు పెట్టాలి. తొమ్మిది ఆకుల్లో ఒక్కదాన్నీ తీయకూడదు.